వారం వారం సూచనలు మన జిల్లాల వారివే కావాలా?

ఒంగోలు సభ్యుడు:
ప్రతి ఆదివారం మన బృందంలో ఒకరు ఆ వారం తమ మనసుకు పట్టిన ఒక సినిమా, ఒక పుస్తకం, ఒక పాట తక్కినవారికి చెప్పే ఆనవాయితీ ఉంది. ఇకమీదట ఆ మూడింటిలో రెండైనా నెల్లూరు, ప్రకాశం జిల్లాల మూలాలున్నవారివి కావాలని నా ప్రతిపాదన. తిక్కన సోమయాజి నడిచిన నేల మనది. మనవాళ్ళను మనమే తలుచుకోకపోతే ఇంకెవరు తలుస్తారు? ఈ వారానికి నావి ఇవి: దొడ్డవరంలో పుట్టిన భానుమతి నటించిన ‘మల్లీశ్వరి’, కావలి బిడ్డ ఖదీర్‌బాబు రాసిన ‘దర్గామిట్ట కతలు’, పూర్వీకులు కంభం దగ్గరి కాకర్ల వారైన త్యాగరాజస్వామి కృతి ఏదైనా ఒకటి.

నెల్లూరు సభ్యుడు:
మిత్రులు చెప్పిన మూడూ నాకు ప్రాణమే. అయినా ‘కృతి ఏదైనా ఒకటి’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. అక్కడ ఊరు మిగిలింది, పాట జారిపోయింది. త్యాగయ్య 1767లో తిరువారూరులో పుట్టి, తిరువయ్యారులో కావేరి ఒడ్డున పాడుకున్న మనిషి. ఆయన్ని వినమని చెప్పడానికి కాకర్ల ఊరు సాక్ష్యం పలకనక్కరలేదు.

భానుమతి గారు 1925లో పుట్టేనాటికి ప్రకాశం జిల్లా అన్నదే లేదు. 1951 నాటి ఆ సినిమాను నేను ఎవరికైనా చూడమంటే, వాన వేళ సత్రంలో మల్లి ‘పిలచిన బిగువటరా’ అని పాడుతూ ఆడే ఘట్టం కోసమే అంటాను. చూస్తున్న బాటసారి సాక్షాత్తూ రాయలవారని ఆమెకు తెలియదు. బావ నాగరాజు వేళాకోళానికి అడగబోయే పల్లకీయే రేపు తమ ఇద్దరినీ విడదీస్తుందనీ తెలియదు. పాడిన గొంతూ, ఆడిన మనిషీ ఒకరే కావడం వల్ల ఆ పాటకూ ముఖానికీ మధ్య ఎక్కడా ఎడం కనిపించదు. ఇంత చెప్పవలసిన చోట ‘మన జిల్లా ఆడపడుచు’ అని ఊరుకుంటే ఆమెకు మనం తక్కువే చేసినట్టు.

ఖదీర్‌బాబు పుస్తకం సంగతి వేరు. అక్కడ ఊరు మాటలోనే ఉంది. పేరులోనే ‘కథలు’ అనకుండా ‘కతలు’ అన్నారు. ఒకసారి మా అమ్మకు రెండు కతలు చదివి వినిపించాను. వంకాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకు జరిపి, ‘ఇది మన పిలకాయ రాసిందేరా’ అన్నది. అట్ట వెనక రచయిత ఊరు ఏదో నేను ఆమెకు చెప్పనే లేదు. అలాంటి పుస్తకం దొరికినప్పుడు నియమం లేకపోయినా చెప్పుకుంటాం.

కందుకూరు సభ్యురాలు:
1970కి ముందు మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉండేది. తరువాత ప్రకాశంలోకి వెళ్ళి, 2022లో మళ్ళీ నెల్లూరులో కలిసింది. కనుక జిల్లా హద్దు మీద నాకూ మమకారం లేదు. అయితే భానుమతి, త్యాగయ్య ఎవరి నియమమూ లేకుండానే బతుకుతారు. సొంత డబ్బుతో పుస్తకం అచ్చు వేయించుకుని, గుడ్డ సంచిలో పెట్టుకుని సభ సభకూ తిరిగే మాస్టార్లు మా చుట్టుపక్కల ఉన్నారు. నియమమేదీ లేకపోతే వాళ్ళ పేరు ఒక్క ఆదివారమైనా ఇక్కడ వినిపించదు. నచ్చినదే చెబుదామంటే, ఎప్పుడూ చేతికి అందినదే నచ్చుతుంది గదా!

నెల్లూరు సభ్యుడు:
అక్కగారు చెప్పింది నేను ఆలోచించని సంగతి, అందులో న్యాయం ఉంది. మూడింటిలో ఒక స్థానం అటువంటి చేతికందని రచనకు కేటాయిద్దాం. కానీ చెప్పేవారు దాన్ని పూర్తిగా చదివి, పట్టుకున్న పేరా ఒకటి ఇక్కడ ఎత్తి రాయాలి. జాలితో చెప్పిన సూచన ఆ మాస్టారికి కూడా గౌరవం కాదు. వచ్చే ఆదివారం వంతు నాదే. ఆ గుడ్డ సంచిలోని పుస్తకం ఒకటి కొని నెల్లూరుకు పంపించండి, డబ్బు నేను ఇస్తాను. చదివి, పేజీ సంఖ్యతో సహా రాస్తాను.