ఆ స్టేషన్‌లో ఇటు పక్క, అటు పక్క: అంతేనా?

నాగావళి గట్టు (రాయగడ):
అమెరికన్ రచయిత హెమింగ్వే 1927లో అచ్చువేసిన ‘హిల్స్ లైక్ వైట్ ఎలిఫెంట్స్’ (తెల్ల ఏనుగుల్లాంటి కొండలు) అనే కథ మీద వచ్చే వారం నా సెమినార్. స్పెయిన్‌లో ఎబ్రో లోయలో ఓ జంక్షన్, బార్సిలోనా నుంచి మాడ్రిడ్ వెళ్ళే ఎక్స్‌ప్రెస్‌కి ఇంకా 40 నిమిషాలుంది, ఈలోగా ఒకతను తనతో ఉన్న అమ్మాయికి కడుపు తీయించుకోమని నచ్చచెబుతూనే ఉంటాడు, ఆ మాట మాత్రం ఇద్దరి నోటా రాదు. మా గైడేమో స్టేషన్‌కి చెట్టూ నీడా లేని పక్క అబార్షన్‌కి గుర్తు, పైరూ నదీ ఉన్న పక్క బిడ్డకి గుర్తు అని తేల్చేసింది. నాకు మింగుడుపడట్లేదు. చివర్లో అతను సంచులు స్టేషన్ అటు పక్కకి మోసుకెళ్తాడు కదా, అంటే మనసు మారినట్టా?

బరంపురం బాబాయి:
బండి ఏ పట్టాల మీదికొస్తే సంచులు అటే మోయాలి తల్లీ, అందులో మనసు మారడానికేముంది! మీ రాయగడ స్టేషన్‌కే వెళ్ళి ఓ గంట కూర్చో. ఒక లైను విజయనగరం వైపు, ఒకటి టిట్లాగఢ్ వైపు, ఇంకోటి కోరాపుట్ కొండల్లోకి. జంక్షన్‌లో ఎవరూ కాపురం పెట్టరు, ఏదో ఒకటి ఎక్కాల్సిందే. కథలో ఆ బండి ఆగేది రెండే నిమిషాలు. అన్నట్టు ఆ సంచుల మీద వాళ్ళు రాత్రులు గడిపిన హోటళ్ళ లేబుళ్ళన్నీ ఉంటాయి, ఇల్లు అన్న ఊసే లేదు. నన్నడిగితే పైరుకంటే ఆ లేబుళ్ళ గురించి రాయాలి.

గుణుపూర్ టీచరమ్మ:
బాబాయిగారూ, సంచుల సంగతి ఒప్పుకుంటా గానీ పైరుని అంత తేలిగ్గా తీసేయకండి. ఆ అమ్మాయి లేచి స్టేషన్ చివరిదాకా నడిచి వెళ్ళాకే చేలూ, చెట్ల సందుల్లోంచి నదీ కనిపిస్తాయి, అదే సమయానికి మబ్బు నీడ ఒకటి చేను మీదుగా జరిగిపోతుంది. ఇదంతా మనది కావచ్చు కదా అని ఆమె అంటే, అతను నీడలోకి వచ్చెయ్ అంటాడు. నాకు కథంతా అక్కడే ఉంది. ఆమెని చూడనివ్వట్లేదు.

ఇక పేరు. తెల్ల ఏనుగంటే మేపలేని బరువు, మన పేపర్లు కూడా నష్టాల ప్రాజెక్టుల్ని అలాగే తిడతాయి. కానీ మనకి తెల్ల ఏనుగంటే ఐరావతం కూడా. అమరావతి శిల్పాల్లో మాయాదేవి కల ఉంది చూడండి, తెల్ల ఏనుగు కడుపులోకి వచ్చినట్టు కలగంటే పుట్టింది బుద్ధుడు. హెమింగ్వేకి ఇదే ఉద్దేశమని మాత్రం రాయకమ్మా, అడ్డంగా దొరికిపోతావు. కొండలు తెల్ల ఏనుగుల్లా ఉన్నాయని ఆమె అంటే, నేనెప్పుడూ చూళ్ళేదని బీరు తాగేస్తాడు మహానుభావుడు. కాసేపటికి పాపం తనే, నిజంగా అలా ఏం లేవులే అని సర్దుకుంటుంది. ఆ సర్దుకోవడం గురించి రాయి.

నాగావళి గట్టు:
థాంక్యూ మేడం, బాబాయ్. సాయంత్రం నిజంగానే స్టేషన్‌కి వెళ్ళొచ్చా. నేను కూర్చున్న కాసేపట్లోనే ఓ బండికి ప్లాట్‌ఫాం మార్చారని ఒడియాలో, హిందీలో అనౌన్స్ చేశారు. జనమంతా తిట్టుకుంటూ సామాన్లు నెత్తికెత్తుకుని బ్రిడ్జి ఎక్కారు. ఒక్కరు కూడా ఇంటికి తిరిగి వెళ్ళలేదు.