గాడోలినియాన్ని ఇనుము, కోబాల్ట్, నికెల్ వరసలో చేర్చడం సరైనదేనా?

ఇంటర్ విద్యార్థి:
ఫెర్రో అయస్కాంత మూలకాలు (అయస్కాంతానికి గట్టిగా అతుక్కునేవి) రాయమంటే ఇనుము, కోబాల్ట్, నికెల్, గాడోలినియం అని రాశాను. మా సార్ నాలుగోది కొట్టేసి, "మన ఎండలకు అది ఫెర్రో కాదు" అన్నారు. పుస్తకంలో నాలుగూ ఉన్నాయి. ఏది నమ్మాలి?

లెక్చరర్, ఖమ్మం:
మీ సార్ చెప్పింది నిజమే బాబూ. గాడోలినియం క్యూరీ ఉష్ణోగ్రత 293 కెల్విన్, అంటే 20 డిగ్రీలు. అది దాటితే పారా అయస్కాంతమే, అంటే అయస్కాంతం లాగినా బలహీనంగానే. ఇనుముకు ఆ హద్దు 770 డిగ్రీలు. రెండింటినీ ఒకే వరసలో ఎలా కూర్చోబెడతాం?

పరిశోధక విద్యార్థి:
ఒప్పుకోలేను సార్. నికెల్‌ను 400 డిగ్రీలకు కాలిస్తే అదీ ఆ గుణం పోగొట్టుకుంటుంది. దాన్ని కొట్టేస్తున్నామా? బాగా చల్లబరిస్తే గాడోలినియంలో ఒక్కో పరమాణువుకు 7.6 బోర్ మాగ్నెటాన్లు (పరమాణువు అయస్కాంత బలానికి కొలమానం), ఇనుములో 2.2 మాత్రమే. లోపం బలంలో లేదు, పరమాణువుల మధ్య పొత్తులో ఉంది. గాడోలినియం లాంటి రేర్ ఎర్త్ లోహాల్లో అయస్కాంతత్వాన్నిచ్చే 4ఎఫ్ ఎలక్ట్రాన్లు పరమాణువు లోపల దాగి ఉంటాయి. పక్క పరమాణువుతో పొత్తు కుదరాలంటే లోహమంతా తిరిగే వాహక ఎలక్ట్రాన్లు మధ్యవర్తులుగా రావాలి. ఆ కట్టు కొద్ది వేడికే తెగిపోతుంది.

లెక్చరర్, ఖమ్మం:
అలాగైతే మిగతా రేర్ ఎర్త్ లోహాలు టెర్బియం (హద్దు 220 కెల్విన్), డిస్ప్రోసియం (85 కెల్విన్) ఎందుకు రాయం? గది ఉష్ణోగ్రతే కొలబద్ద కాబట్టి. పైగా కొన్ని పాఠ్యపుస్తకాల పట్టికల్లో గాడోలినియానికి 317 కెల్విన్ అని ఉంటుంది, అంటే 44 డిగ్రీలు. అది చూసిన పిల్లలు గదిలోనూ ఫెర్రోనే అనుకోరా? నాకు బాధ కలిగించేది అదే.

పరిశోధక విద్యార్థి:
వాటినీ రాయాలనే నా వాదన, పక్కన ఉష్ణోగ్రతతో సహా. డిస్ప్రోసియం సంగతి చూడండి: 85కీ సుమారు 179 కెల్విన్‌కీ మధ్య ఒక్కో పరమాణు పొరలో అయస్కాంత దిశ కాస్త కాస్తగా తిరుగుతూ మెలి మెట్లలా పోతుంది. మొత్తం కలిపితే సున్నా. ఫెర్రో, పారా అని రెండే గళ్లు గీస్తే దీన్ని ఎక్కడ పెడతాం?

హైస్కూల్ టీచర్:
నేను గాడోలినియం ముక్కను దారానికి కట్టి, ఐస్ నీళ్లలో ముంచి తీస్తాను. అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది. అరచేతిలో కాసేపు పట్టుకున్నాక లాగుడు బాగా తగ్గిపోతుంది. పూర్తిగా పోదు, బలమైన నియోడిమియం అయస్కాంతమైతే అప్పుడూ కొంచెం లాగుతుంది. పిల్లలు మళ్లీ మళ్లీ ముంచమంటారు.

లెక్చరర్, ఖమ్మం:
మేడమ్, ఈ ప్రయోగం మా క్లాసులోనూ చేయిస్తాను. బాబూ, నువ్వు "గాడోలినియం (20 డిగ్రీల లోపు)" అని రాసి మీ సార్‌కు చూపించు. ఉత్త పేరు రాస్తే మాత్రం నేనూ కొట్టేస్తాను.