బీటెక్ మెకానికల్ చదివి ఇంగ్లండ్‌లో డీ అండ్ టీ టీచరు: పీజీసీఈకి ముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

రెడింగ్_మెకానికల్:

అందరికీ నమస్కారం. జేఎన్టీయూ హైదరాబాద్‌లో బీటెక్ మెకానికల్, ఫస్ట్ క్లాస్. ఆపైన నాలుగేళ్లు సాలిడ్‌వర్క్స్ మీద ప్రొడక్ట్ డిజైన్. ప్రస్తుతం ఇంగ్లండ్‌లో స్కిల్డ్ వర్కర్ డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. సెకండరీ డిజైన్ అండ్ టెక్నాలజీ (డీ అండ్ టీ) పీజీసీఈకి, అంటే టీచరు శిక్షణ కోర్సుకి, దరఖాస్తు పెడదామని ఆలోచన. 2025-26కు 20,000 పౌండ్ల బర్సరీ (శిక్షణ కాలానికి ఇచ్చే డబ్బు) అని ఉంది, నాలాంటివాళ్లకూ ఇస్తారా? రెండోది, క్యాడ్ వచ్చు గానీ రంపం పట్టింది లేదు. కోర్సు మొదలయ్యేలోపు ఏవేవి చేత్తో చేయడం వచ్చి ఉండాలి? ఇంటర్వ్యూలో ఏం చూస్తారో కూడా చెప్పగలరు.

నల్లబల్ల:

ముందు డబ్బు సంగతి తేల్చుకోండి. మీ వీసా మీద డీ అండ్ టీ బర్సరీ రాదు. వీసా మీద ఉన్న విదేశీయులకు 2025-26లో బర్సరీ ఉన్నది ఫిజిక్స్‌కూ లాంగ్వేజెస్‌కూ మాత్రమే. ఆ 20,000 ఇక్కడి పౌరులకు, సెటిల్డ్ హోదా ఉన్నవాళ్లకు. ఫీజు కూడా అంతే: 2025-26లో హోమ్ విద్యార్థికి 9,535 పౌండ్లు, ఓవర్సీస్ లెక్కన కడితే దానికంటే చాలా ఎక్కువ. హోమ్ కింద లెక్కవేస్తారా అన్నది యూనివర్సిటీ ఫీజుల విభాగం నుంచి మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్ మాట నమ్ముకోవద్దు.

మెకానికల్ వాళ్లకు ఇంకో దారి ఉంది. 'ఇంజనీర్స్ టీచ్ ఫిజిక్స్' పేరుతో ఇంజనీర్ల కోసమే నడిచే ఫిజిక్స్ కోర్సులున్నాయి, 2025-26లో ఫిజిక్స్ బర్సరీ 29,000. మీకు నిజంగా కావలసింది వర్క్‌షాపేనా, టీచరు ఉద్యోగమా అన్నది ఇక్కడే తేల్చుకోవాలి.

పీజీసీఈ, క్యూటీఎస్ ఒకటి కావు. పీజీసీఈ యూనివర్సిటీ ఇచ్చే పట్టా, మామూలుగా 60 మాస్టర్స్ క్రెడిట్లు ఉంటాయి. క్యూటీఎస్ టీచరుగా గుర్తింపు, ప్రభుత్వ బడుల్లో అడిగేది దాన్నే. రెండూ కలిసి వచ్చే కోర్సు చూసుకోండి.

కాగితాలు: బీటెక్‌కు యూకే ఎనిక్ (విదేశీ చదువులను ఇక్కడి వాటితో పోల్చి చెప్పే సంస్థ) పోలిక పత్రం. ఇంగ్లిషు, లెక్కల్లో జీసీఎస్‌ఈ (ఇక్కడ పదహారేళ్లకు రాసే పరీక్ష) గ్రేడ్ 4కు సమానమని కూడా చూపాలి. అందుకు పదో తరగతి, ఇంటర్ మెమోలు పంపి, యూనివర్సిటీకి అవి చాలకపోతే ఈక్వివలెన్సీ పరీక్ష రాయడమే. డీబీఎస్ అనే నేరచరిత్ర తనిఖీతో పాటు ఇండియా నుంచి పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతారు. ఆలస్యమయ్యేది సీటు కాదు, ఈ కాగితాలే.

రంపంపొట్టు:

వర్క్‌షాపు గురించి నేను చెబుతాను. మీకు మెషీన్ డిజైన్ తెలుసు, కానీ ఏడో ఇయర్ క్లాసులో మీ ముందుండేది పదకొండేళ్ల పిల్లలు, వాళ్ల చేతుల్లో కోపింగ్ రంపాలు. దాన్నుంచే మొదలుపెట్టండి. బ్లేడు పళ్లు పిడివైపు చూడాలి, లాగినప్పుడు తెగాలి. పిల్లలు తిరగేసి బిగిస్తారు, లేదా రెండు చివర్ల పిన్నులు ఒకే వరసలో లేకుండా తిప్పేస్తారు. బ్లేడు మెలిపడి టప్పున విరిగేది అప్పుడే. ఆ తరువాత టెనన్ రంపం, బెంచ్ హుక్, మూలమట్టం. ఒక పైన్ బద్దను మూలమట్టంతో గీసి, గీత చెరిగిపోకుండా పక్కన కోసి, రెండు ముక్కలకు సందు లేకుండా హాఫ్ ల్యాప్ జాయింటు కుదిర్చేదాకా చేయండి. వివరించడం ఆ తరువాత దానంతట అదే వస్తుంది.

అక్రిలిక్ వంచడం మామూలు పాఠమే, చెడిపోయేదీ అందులోనే ఎక్కువ. 3 మి.మీ. షీటు తీసుకుని, వంపు గీత దగ్గర పైపొర ఒలిచి, స్క్రైబర్‌తో (గీకే సూదితో) కాక మార్కర్‌తో గీయాలి. గీకిన గాటు వెంటే పగులుతుంది. లైన్ బెండర్ (గీత వెంట మాత్రమే వేడిచేసే పరికరం) మీద రెండు వైపులా తిప్పుతూ వేడిచేయాలి. మెత్తబడేది సుమారు 160 డిగ్రీల దగ్గర. తొందరపడి వంచితే విరుగుతుంది, మరిచిపోతే బుడగలు లేస్తాయి. వంచాక జిగ్‌లో (కోణాన్ని పట్టి ఉంచే అచ్చులో) చల్లారేదాకా వదలకూడదు, లేదంటే కోణం మళ్లీ విచ్చుకుంటుంది.

వాక్యూమ్ ఫార్మింగ్‌లో (వేడి ప్లాస్టిక్ షీటును గాలి లాగి మోల్డుకు అంటించడంలో) మీ మోల్డ్ డిజైన్ పాఠాలు పనికొస్తాయి: 3 నుంచి 5 డిగ్రీల వాలు, గుండ్రటి అంచులు, గుంటల్లో సన్నటి గాలి రంధ్రాలు. ఎత్తైన రెండు మోల్డులు దగ్గరగా పెడితే మధ్యలో ప్లాస్టిక్ మడత పడుతుంది.

లేజర్ కట్టర్‌లో పీవీసీ ఎప్పుడూ పెట్టొద్దు. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, ఊపిరితిత్తులకూ చేటు, మెషీన్‌కూ తుప్పు. గాటు కూడా లెక్కలోకి తీసుకోండి: లేజర్ 0.1 నుంచి 0.2 మి.మీ. తినేస్తుంది కాబట్టి 3 మి.మీ. షీటుకు 3 మి.మీ. స్లాటే గీస్తే వదులవుతుంది. షీటు మందాన్ని వెర్నియర్‌తో కొలవండి, లేబుల్ మీద రాసినంత ఉండదు.

పిల్లర్ డ్రిల్ దగ్గర కళ్లద్దాలు, వెనక్కి కట్టిన జుట్టు, చొక్కాలోకి దోపిన టై తప్పనిసరి. పలుచటి షీటును చేత్తో పట్టుకోనివ్వొద్దు. బిట్ అవతలికి తేలేటప్పుడు షీటును పట్టేసి గిరగిరా తిప్పుతుంది. కింద వేస్టు చెక్క, పైన క్లాంపు. వీటన్నిటికీ క్లీప్స్ (బడుల్లో ప్రాక్టికల్ పనుల భద్రతపై సలహా ఇచ్చే సంస్థ) వాళ్ల రిస్క్ అసెస్‌మెంట్లు ఉన్నాయి. బడి వర్క్‌షాపుల భద్రతకు బ్రిటిష్ ప్రమాణమైన బీఎస్ 4163 ప్రకారం ఒక టీచరుకు 20 మంది పిల్లలు మించకూడదు. డీ అండ్ టీ అసోసియేషన్ భద్రతా శిక్షణలో మొదటి మెట్టు ఎస్1హెచ్‌ఎస్, ఐదేళ్లకోసారి మళ్లీ చేసి కొనసాగించుకోవాలి. చాలా కోర్సుల్లో అది కలిపే ఉంటుంది, అడగండి.

టెక్స్‌టైల్స్‌కు ఇప్పుడే భయపడనక్కరలేదు. కుట్టుమిషన్‌కు దారం ఎక్కించడం, బాబిన్ చుట్టడం, తిన్నగా ఒక కుట్టు వేయడం చాలు. మొదటి మూడేళ్లలో పిల్లలు ఒక్కో మెటీరియల్ కొన్ని వారాల చొప్పున మారుతుంటారు, అందుకే ఏ టీచరైనా అన్నిట్లో కాస్త చేయిపెట్టాల్సి వస్తుంది.

మార్కులపెన్సిల్:

ఇంటర్వ్యూకి. సాధారణంగా ఒక చిన్న పాఠం చెప్పమంటారు, పోర్ట్‌ఫోలియో తెమ్మంటారు. ఇంజనీర్లు చేసే పొరపాటు ఒకటే: నున్నటి క్యాడ్ రెండర్లు పట్టుకెళ్లడం. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు డీ అండ్ టీ జీసీఎస్‌ఈ ప్రాజెక్టులో 100 మార్కులు ఎలా పంచారో చూడండి: పరిశోధనకు 10, బ్రీఫ్‌కూ స్పెసిఫికేషన్‌కూ 10, ఆలోచనలకు 20, వాటిని అభివృద్ధి చేయడానికి 20, తయారీకి 20, విశ్లేషణకు 20. అంటే చేసిన వస్తువుకు అయిదో వంతే. మీ పోర్ట్‌ఫోలియోలో చేత్తో గీసిన స్కెచ్‌లు, వద్దని గీత కొట్టేసిన ఆలోచనలు, అట్ట మోడళ్ల ఫొటోలు, 'దీన్ని ఎందుకు వదిలేశాను' అన్న రెండు వాక్యాలు ఉండాలి. రాతపరీక్ష మిగతా 50 శాతం, అందులో కనీసం 15 శాతం లెక్కలు. అక్కడ మీకు బలం.

చిన్న పాఠానికి ఒక్క నైపుణ్యమే ఎంచుకోండి. మూడు నిమిషాల డెమో, అందులో ఒక తప్పు కావాలని చేసి పిల్లల్ని పట్టుకోమనండి.

రెడింగ్_మెకానికల్:

చాలా థ్యాంక్స్ అండీ. ఒక్కటి: ఫిజిక్స్‌లో క్యూటీఎస్ తెచ్చుకుని, తరువాత డీ అండ్ టీ చెప్పనిస్తారా?

నల్లబల్ల:

చెప్పవచ్చు. క్యూటీఎస్ ఒక సబ్జెక్టుకే కట్టుబడి ఉండదు, ఎవరు ఏది చెప్పాలన్నది బడి నిర్ణయం. కాకపోతే ఫిజిక్స్ టీచరు దొరికాక వర్క్‌షాపుకు పంపడానికి హెడ్ టీచరు అంత తేలిగ్గా ఒప్పుకోరు. వారానికి రెండు మూడు డీ అండ్ టీ పీరియడ్లు మొదటి ఉద్యోగం ఇంటర్వ్యూలోనే అడిగి పెట్టుకోండి, ఎస్1హెచ్‌ఎస్ ఖర్చు బడి పెట్టుకుంటుందా అని కూడా.