కొత్త నిబంధన చరిత్ర యూత్‌కి చెప్పాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

కావలి_యూత్:
అందరికీ వందనాలు. మాది కావలి పక్కన పల్లె, చర్చిలో ఆదివారం సాయంత్రం యూత్ మీటింగ్ నేనే చూసుకుంటా ఉండాను. మా పిల్లోళ్ళు ఎక్కువమంది డిగ్రీ, ఇంజినీరింగ్ చదివేవాళ్ళు, ఏదైనా చెప్తే వెంటనే ఎట్టా తెలుసు అని అడుగుతారు. పోయిన వారం ఒకబ్బాయి వాట్సాప్‌లో వచ్చిన మెసేజ్ చూపించాడు, 325లో నైసియా అనే ఊళ్ళో కాన్‌స్టంటైన్ చక్రవర్తి బిషప్పుల్ని కూర్చోబెట్టి ఓట్లేయించి ఏ సువార్తలు ఉంచాలో ఏవి తీసెయ్యాలో తేల్చేశాడంట, అంతకుముందు కొత్త నిబంధనే లేదంట. ఇంకో అమ్మాయేమో మత్తయి, యోహాను యేసు పక్కనే ఉండి రోజూ రాసుకున్నారా అన్నా, లేకపోతే తర్వాత రాశారా అని అడిగింది. నాకు వాక్యం తెలుసు గానీ ఈ చరిత్ర నాకెవరూ చెప్పలా. పెద్దాయన్ని ఒకరిని అడిగితే ఇట్టాంటివి అడగబాక, విశ్వాసం పోద్ది అన్నారు. పిల్లలకి నేనా మాట చెప్తే వచ్చే వారం నుంచి రారు. ఏది ఎప్పుడు రాశారు, ఎవరికి రాశారు, కొత్త నిబంధనలో ఉన్న 27 పుస్తకాలు ఎట్టా ఒకచోటికి వచ్చినాయి, తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఒంగోలు_లెక్చరర్:
బాబూ, మంచి ప్రశ్న వేశావు. నేను కాలేజీలో హిస్టరీ చెప్పి రిటైరయ్యాను, చర్చిలో కూడా చాలా ఏళ్ళు బైబిల్ క్లాసు చెప్పాను, ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాలేదు నాకు.

ముందు ఆ వాట్సాప్ సంగతి. నైసియా సభ జరిగిన మాట నిజం, 325లోనే, కాన్‌స్టంటైన్ పిలిపించిన మాటా నిజం. కానీ అక్కడ గొడవంతా ఈజిప్టులో అలెగ్జాండ్రియాకి చెందిన అరియస్ అనే పాదిరి బోధ గురించి, కుమారుడైన యేసు తండ్రియైన దేవుడితో సమానుడా, సృష్టించబడినవాడా అని. ఈస్టర్ ఏ రోజు చెయ్యాలనేది కూడా మాట్లాడారు. ఆ సభ చేసిన 20 నియమాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిల్లో ఏ పుస్తకాలు ఉంచాలి అనే నియమం ఒక్కటీ లేదు. సరిగ్గా మన చేతిలో ఉన్న ఈ 27 పేర్లతో లిస్టు మొదట కనిపించేది 367లో, అలెగ్జాండ్రియా బిషప్ అథనాసియస్ ఈస్టర్‌కి ముందు సంఘాలకి పంపిన ఉత్తరంలో. అంటే నైసియా అయిపోయిన 42 ఏళ్ళకి. మరి అంతకుముందు ఏమీ లేదా అంటే అదీ కాదు, దాదాపు 180 ప్రాంతంలోనే ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న లియాన్‌లో ఇరేనియస్ అనే బిషప్ సువార్తలు నాలుగే, ఎక్కువా కాదు తక్కువా కాదు అని గట్టిగా రాశాడు. పౌలు పత్రికలు, అంటే ఆయన సంఘాలకీ మనుషులకీ రాసిన ఉత్తరాలు, అప్పటికే కలిపి కుట్టిన పుస్తకాలుగా తిరుగుతున్నాయి. కాన్‌స్టంటైన్ చేసిందేమిటంటే 331 ప్రాంతంలో కొత్త రాజధాని కాన్‌స్టాంటినోపుల్ చర్చిల కోసం 50 బైబిల్ ప్రతులు మంచి తోలు మీద రాయించి పంపమని యూసేబియస్ అనే బిషప్‌కి చెప్పాడు. ఆ మాటా, నైసియా మాటా కలిసిపోయి ఈ మెసేజీలు పుడుతున్నాయని నా అనుమానం.

ఇక అసలు విషయం. బైబిల్లో పుస్తకాలు ఉన్న వరస రాసిన వరస కాదు, ఇది పిల్లలకి మొట్టమొదట చెప్పు, సగం చిక్కు అక్కడే విడిపోద్ది. మత్తయి ముందుంది కాబట్టి ముందు రాశారనుకుంటాం. పౌలు పత్రికలైతే సంఘాలకి రాసినవి ముందు, మనుషులకి రాసినవి తర్వాత పెట్టి, అందులో మళ్ళీ సుమారుగా పెద్దవి ముందు చిన్నవి వెనక పేర్చారు, అందుకే రోమా ముందుంది. ఎక్కువమంది పండితుల లెక్క ప్రకారం మనకి మిగిలిన క్రైస్తవ రచనల్లో అన్నిటికంటే పాతది మొదటి థెస్సలొనీక పత్రిక, సుమారు 50 లేదా 51లో రాసింది. అంటే ఏ సువార్తా కాగితం మీదికి రాకముందే పౌలు ఉత్తరాలు రాస్తున్నాడు.

అంత కచ్చితంగా 50 అని ఎట్టా తెలుసు అని నీ పిల్లలు తప్పకుండా అడుగుతారు. అపొస్తలుల కార్యములు 18 తీయించు. పౌలు కొరింథులో ఏడాదిన్నర ఉన్నాడు, గ్రీసులోని అకయకు గల్లియో అధిపతిగా ఉన్నప్పుడు యూదులు పౌలుని న్యాయపీఠం ముందుకి ఈడ్చుకొచ్చారు. ఈ గల్లియో రోమ్ తత్వవేత్త సెనెకాకి సొంత అన్న. గ్రీసులో డెల్ఫీ అనే చోట పగిలిన రాతి ముక్కలు దొరికినాయి, వాటి మీద క్లాడియస్ చక్రవర్తి రాయించిన ఉత్తరం ఉంది, అందులో గల్లియో పేరుంది, చక్రవర్తిని సేనలు 26వసారి జయధ్వనాలతో కీర్తించినాయి అనే లెక్క కూడా ఉంది. ఆ లెక్క రోమ్ చరిత్రతో కలిపి చూస్తే 52 ప్రాంతం వస్తుంది, గల్లియో అక్కడ ఉన్నది 51, 52లలో అని తేలుతుంది. పౌలు జీవితంలో మిగతా తేదీలన్నీ దీని నుంచి ముందుకీ వెనక్కీ లెక్కేసుకుంటూ పోతారు. ఒక రాతి ముక్క ఎంత పని చేసిందో చూడు.

సువార్తల విషయం. యేసు సిలువ మరణం 30 ప్రాంతం, పిలాతు 26 నుంచి 36 వరకు యూదయ అధిపతి కాబట్టి ఆ మధ్యే. మార్కు 70కి అటూ ఇటూ, మత్తయి, లూకా 80, 90 మధ్య, యోహాను 90ల్లో అని ఎక్కువమంది అంటారు. 70 ఎందుకు ముఖ్యమంటే ఆ ఏడాదే రోమ్ సేనాని టైటస్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేసింది, యూదుల బతుకే తలకిందులైపోయింది. మధ్యలో ఉన్న నలభై ఏళ్ళూ యేసు సంగతులు ఎక్కువగా నోటిమాటగా నడిచినాయి. మన కోస్తాలో 1977 ఉప్పెన గురించి పెద్దవాళ్ళు ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరింటి మీదుగా నీళ్ళెట్టా వచ్చినాయో ఒకళ్ళ మాట ఒకళ్ళు సరిచేసుకుంటూ చెప్తారు కదా, అట్టా. లూకా అయితే తన మొదటి నాలుగు వచనాల్లోనే దాచకుండా చెప్పాడు, నాకంటే ముందు చాలామంది రాశారు, కళ్ళారా చూసినవాళ్ళు మాకు అప్పగించారు, నేను మొదట్నుంచీ తరచి చూసి వరసగా రాస్తున్నాను అని. ఆ అమ్మాయి ప్రశ్నకి జవాబు లూకాయే ఇచ్చాడు, ఆ నాలుగు వచనాలు తనచేతే చదివించు.

టంగుటూరు_సిస్టర్:
మాస్టారు గారికి వందనాలు, చాలా బాగా చెప్పారండీ. నేనొక మాట కలుపుతాను తమ్ముడూ. తేదీలు చెప్తే పిల్లలకి ఒక చెవిలో నుంచి ఇంకో చెవిలోకి పోతాయి, ఆ పత్రిక ఎవరి చేతిలో పడిందో చెప్పు. మొదటి కొరింథీ 11 చూడు, ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉంటే ఇంకొకడు తాగి మత్తుగా ఉన్నాడని పౌలు మండిపడ్డాడు. అప్పట్లో చర్చి బిల్డింగులు లేవు, కాస్త పెద్ద ఇల్లు ఉన్నవాళ్ళ ఇంట్లో కూడేవాళ్ళు, బల్ల అంటే నిజంగా భోజనమే. ఉన్నవాళ్ళు ముందొచ్చి తినేవాళ్ళు, బానిసలు, కూలీలు పనులన్నీ అయ్యాక వచ్చేసరికి గిన్నెలు ఖాళీ. ఒకరి కోసం ఒకరు ఆగండి అని ఆయన రాసింది దాని గురించే. మా అమ్మమ్మ వాళ్ళది దళితుల పాలెం, ఊళ్ళో గ్లాసు వేరు, బావి వేరు, చర్చిలో మాత్రం ఒకే పాత్రలో నుంచి తాగామని పోయేదాకా చెప్పుకునేది. 1878 జూలై 3న గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మన ఒంగోలు మిషన్ చరిత్రలో ఉంది, వాళ్ళలో చాలామంది అట్టాంటి పాలేల నుంచి వచ్చినవాళ్ళే. అట్టాంటి ఇళ్ళలో పుట్టిన పిల్లలకి ఈ కొరింథు సంగతి ఒక్కసారి చెప్తే చాలు, మర్చిపోరు.

ఇంకోటి, రోమా 16 చివర చదివించు. పత్రిక రాసిన తెర్తియు అనే నేను మీకు వందనాలు చెప్తున్నాను అని మధ్యలో రాసేవాడే వచ్చేస్తాడు, అంటే పౌలు చెప్తా ఉంటే ఆయన రాశాడన్నమాట. ఆ అధ్యాయం మొదట్లోనే కెంక్రేయ సంఘంలో ఉన్న ఫీబే అనే స్త్రీని చేర్చుకోండని ఉంది, పత్రిక మోసుకుని రోమాకి పోయింది ఆమేనని చాలామంది అంటారు. మా స్త్రీల సమాజంలో ఈ సంగతి చెప్పినప్పుడు అందరూ ఆ పేజీ దగ్గరే ఆగిపోయారు.

ప్రార్థనాపరుడు:
బ్రదర్, మార్కు 70కి అటూ ఇటూ అంటే దేవాలయం కూలిపోద్దని యేసు ముందే చెప్పిన మాట అబద్ధం అన్నట్టే గదా. ఇట్టాంటివి యూత్‌కి చెప్పి వాళ్ళని ఎందుకు కదిలించేది.

ఒంగోలు_లెక్చరర్:
అయ్యా, మీ భయం నాకు అర్థమవుతుంది. రాసిన తేదీ వేరు, మాట పలికిన తేదీ వేరు. 30లో పలికిన మాటని 70లో రాశారంటే ఆ మాట అప్పుడే పుట్టిందని కాదు. మార్కు ఇంకా ముందే, 60ల్లోనో అంతకంటే ముందో రాశాడనే పండితులు కూడా ఉన్నారు, దేవాలయం కూలిందని ఎక్కడా చెప్పలేదు కాబట్టి అని వాళ్ళ వాదన. రెండూ పిల్లల ముందు పెట్టమంటాను. దాచిపెడితే రేపు హైదరాబాద్‌లోనో బెంగుళూరులోనో ఎవరో చెప్తారు, అప్పుడు మన చర్చి మమ్మల్ని మోసం చేసింది అనుకుంటారు, ఆ దెబ్బ దీనికంటే పెద్దది.

నెల్లూరు_చదువరి:
నేను క్రిస్టియన్ని కాదు, నెల్లూరులో ఎంఏ హిస్టరీ చేశాను, రోమ్ చరిత్ర అంటే ఇష్టం కాబట్టి చెప్తున్నా. 27 ఎట్టా నిలబడినాయి అనేదానికి బయటి ఒత్తిడి కూడా ఒక కారణం. 303లో డయొక్లీషియన్ చక్రవర్తి క్రైస్తవుల పుస్తకాలు తగలబెట్టమని ఆర్డరిచ్చాడు. ఉత్తర ఆఫ్రికాలో కిర్తా అనే ఊళ్ళో అధికారులు చర్చి మీద పడి సోదా చేసిన రికార్డు ఇప్పటికీ ఉంది, మన వీఆర్వో పంచనామా రాసినట్టే రాశారు, బంగారు పాత్రలు 2, వెండి పాత్రలు 6, ఆడవాళ్ళ బట్టలు 82 అని వరసగా. ఆ బట్టలు పేదలకి పంచేందుకు పెట్టినవని అంటారు. చర్చిలో దొరికిన పుస్తకం ఒక్కటే, మిగతావి చదివి వినిపించేవాళ్ళ ఇళ్ళల్లో దాచారు, అందుకని ఇల్లిల్లూ తిరిగారు, ఒకాయన ఇంట్లో లేకపోతే ఆయన భార్య ఆరు పుస్తకాలు తెచ్చి ఇచ్చింది. ప్రాణం మీదికొచ్చినప్పుడు ఏది అప్పగించొచ్చు, ఏది చచ్చినా ఇవ్వకూడదు అనేది మనిషి మనసులో తేల్చుకోక తప్పదు గదా. అప్పగించినవాళ్ళని మళ్ళీ చేర్చుకోవాలా వద్దా అని ఆ తర్వాత ఆఫ్రికా చర్చి వందేళ్ళకి పైగా కొట్లాడుకుంది.

యాకోబు, యూదా, రెండో పేతురు, రెండు మూడు యోహానులు అందరూ ఒప్పుకోలేదని 325 ప్రాంతంలో యూసేబియసే రాశాడు. అంటే ఒక్క రోజులో ఎవరో తేల్చిన పని కాదు, మూడు వందల ఏళ్ళు సాగింది.

కావలి_యూత్:
మాస్టారూ, అక్కా, అన్నా, అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారని అనుకోలా. వచ్చే ఆదివారం దేంతో మొదలుపెట్టమంటారు? ఇంకొక్కటి, మా పాత బైబిల్లో హెబ్రీ పత్రిక పౌలు రాసినట్టు ఉంది, మా ఒకబ్బాయి కాదంటాడు, ఏది నిజం?

ఒంగోలు_లెక్చరర్:
ఫిలేమోనుతో మొదలుపెట్టు. ఒక్కటే అధ్యాయం, 25 వచనాలు, పది నిమిషాల్లో అందరూ చదివేస్తారు. జైల్లో ఉన్న పౌలు ఒనేసిము అనే బానిసని యజమాని దగ్గరికి తిప్పి పంపుతూ రాసింది, ఇక మీదట దాసుడిగా కాదు, ప్రియ సోదరుడిగా చేర్చుకో అన్నాడు, అతను నీకేమైనా బాకీ ఉంటే నా లెక్కలో రాయి, నేనే తీరుస్తా అని తన చేత్తో రాశాడు. రోమ్ చట్టంలో బానిస అంటే యజమాని ఆస్తి, ఆ ముక్క ముందు చెప్పి అప్పుడు చదివించు. ఒకళ్ళు ఫిలేమోను, ఒకళ్ళు ఒనేసిము, మిగతావాళ్ళు ఆ ఇంట్లో కూడే సంఘం అనుకుని వినమను, ఎందుకంటే ఆ ఉత్తరం సంఘం అంతటికీ కలిపి రాసిందే, రెండో వచనంలో ఉంది. ఆయన అందరి ముందూ కాదనగలడా అని అడుగు, ఇక వాళ్ళే మాట్లాడతారు.

హెబ్రీ సంగతి, ఆ పత్రికలో రాసినవాడి పేరు ఎక్కడా లేదు. పౌలు ఎప్పుడూ పౌలను నేను అని మొదలుపెడతాడు, ఇక్కడ అది లేదు, గ్రీకు శైలి కూడా వేరు. కానీ తూర్పు సంఘాల్లో పౌలుదేనని నమ్మేవాళ్ళు, 200 ప్రాంతంలో ఈజిప్టులో రాసిన పాపిరస్ ప్రతి ఒకటుంది, కొంత డబ్లిన్‌లో, కొంత అమెరికాలో మిషిగన్‌లో ఉంది, దాంట్లో హెబ్రీని రోమా పత్రిక తర్వాత పెట్టారు. రోమ్ వైపు సంఘాలు మాత్రం చాలా కాలం ఒప్పుకోలేదు. మూడో శతాబ్దంలో ఒరిజెన్ అంత గొప్ప పండితుడే ఎవరు రాశారో దేవుడికే తెలుసు అన్నాడు. పాత బైబిళ్ళలో పైన వేసిన శీర్షిక తర్వాతివాళ్ళు పెట్టింది, కాబట్టి మీ అబ్బాయి చెప్పిందాంట్లో బలం ఉంది, మీటింగ్‌లో అందరి ముందూ ఆ మాట అతనితో చెప్పు. ఫిలేమోను ఎట్టా జరిగిందో వచ్చే వారం ఇక్కడే రాయి, దాన్నిబట్టి తర్వాత గలతీయా మార్కా అనేది చూద్దాం.