నైసియా సభలో ఓటేసి బైబిల్ పుస్తకాలు ఎంచారా?

మల్లెతీగ: 325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో బిషప్పుల్ని కూర్చోబెట్టి, నచ్చిన సువార్తలు ఉంచి మిగతావి తీయించేశాడని ఓ వీడియోలో చూశాను. నిజమేనా? మా క్రైస్తవ మిత్రుడు ఒప్పుకోడు.

పాతకాగితం: మీ మిత్రుడిదే రైటు. అక్కడి గొడవ అలెగ్జాండ్రియా గురువు ఏరియస్‌తో: కుమారుడు (యేసు) తండ్రితో సమానుడా, సృష్టి పొందినవాడా అని. ఆ తర్వాత ఈస్టర్ ఎప్పుడు చేయాలన్నది. సభ చేసిన 20 నియమాలూ ఇప్పటికీ దొరుకుతాయి, చదవండి. వడ్డీకి తిప్పే చర్చి గురువుల్ని పదవిలోంచి తీసెయ్యాలని కూడా ఉంది గానీ, ఏ పుస్తకం ఉంచాలన్న ముక్కే లేదు. పుస్తకాలన్నీ బలిపీఠం దగ్గర పెడితే అసలువి పైకి, దొంగవి కిందికి చేరాయన్న కథ 9వ శతాబ్దపు గ్రీకు రచనలోది. అంటే సభ జరిగిన ఐదొందల ఏళ్లకు పైగా తర్వాత! ఫ్రెంచి రచయిత వోల్టేర్ దాన్ని ఎద్దేవా చేసి ఊరంతా తిప్పాడు.

రాజమండ్రి రౌడీ: సరే, నైసియా కాదు. మరి ఎవరూ ఏరకుండానే కొత్త నిబంధనలో 27 పుస్తకాలయ్యాయా? 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ ఈస్టర్ ఉత్తరంలో సరిగ్గా ఆ 27 పేర్లూ రాసి, వీటికి కలపొద్దు, తీయొద్దు అన్నాడు. అది అధికారం కాక మరేంటి?

పాతకాగితం: ఏరారు, కాదనను. కానీ అప్పటికే చాలా సంఘాల్లో చదువుతున్నవాటికే ఆయన పట్టీ కట్టాడు. నాలుగు సువార్తలు, పౌలు లేఖల మీద పెద్ద పేచీ లేదు. తగువంతా అంచుల్లోనే: యాకోబు, యూదా, 2 పేతురు, 2, 3 యోహాను. వీటిని కొందరు ఒప్పుకోరని చర్చి చరిత్ర రాసిన బిషప్ యూసీబియస్ ముందే రాశాడు. 4వ శతాబ్దపు సినాయ్ ప్రతి (గ్రీకు బైబిల్ చేతిరాత) చూడండి, ప్రకటన గ్రంథం తర్వాత ఇప్పటి బైబిల్లో లేని బర్నబా లేఖ, హెర్మాస్ కాపరి కూడా ఉన్నాయి. సిరియాక్ భాషలోని పెషిట్టా బైబిల్ కొత్త నిబంధనలో మొదట 22 పుస్తకాలే. ఒక్క మనిషి ఉత్తరంతో అందరూ దారికొచ్చేస్తే ఇన్ని రకాలు ఎందుకుంటాయి?

రాజమండ్రి రౌడీ: మరి పాత నిబంధన సంగతో? మల్లెతీగ గారూ, మీ మిత్రుడు ఆర్‌సీఎమ్మా (రోమన్ కాథలిక్), ప్రొటెస్టెంటా? ఆర్‌సీఎం అయితే తోబీతు, యూదితు, మక్కబీయులు వగైరా కలిపి బైబిల్ మొత్తం 73 పుస్తకాలు. లేకపోతే 66. ఆ పుస్తకాలు 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లోనూ విడి భాగంగా అచ్చయ్యాయి. 1826లో బైబిళ్లు అచ్చేసి పంచే బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ వాటికి చందా డబ్బులు వాడబోమని తీర్మానించింది. అచ్చుకు డబ్బిచ్చేవాళ్ల మాట కూడా చెల్లింది సార్, దాన్ని 'అంచుల తగువు' అంటే ఎలా?