ఇండిపెండెంట్ల డిపాజిట్ పెంచాలా? వద్దా?

సిద్దిపేటవాసి:
లోక్‌సభకు డిపాజిట్ 25 వేలు, అసెంబ్లీకి 10 వేలు. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం. 2010 నుంచీ ఇదే లెక్క. ఈ రోజుల్లో ఆ డబ్బు ఏ మూలకు? పేరు పేపర్లో పడాలని కొందరు, ఓట్లు చీల్చడానికి కొందరు నామినేషన్ వేసేస్తున్నారు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతని తెలిసినా ఎవరూ ఆగట్లేదు. కనీసం రెండు లక్షలు చేయాలంటాను. మీరేమంటారు?

నల్గొండ పోరడు:
అన్నా, ముందు మా జిల్లా సంగతి వినండి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది పోటీ చేశారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లకు కృష్ణా నీళ్లు కావాలని జలసాధన సమితి వేయించిన నామినేషన్లే అందులో ఎక్కువ. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలు. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయింది. అదే ఏడాది తమిళనాడులోని మొడకురిచ్చి అసెంబ్లీ సీటుకు 1,033 మంది నిలబడ్డారు. కొన్ని నెలలు తిరక్కుండానే చట్టం మార్చి, లోక్‌సభ డిపాజిట్‌ను 500 నుంచి ఏకంగా 10 వేలు చేశారు. నీళ్ల కోసం మాత్రం మా ఊళ్లు ఏళ్ల తరబడి ఎదురు చూశాయి.

డ్యూటీ సారు:
2019 లోక్‌సభ ఎన్నికల్లో నేను నిజామాబాద్‌లో పోలింగ్ డ్యూటీ చేశాను. పసుపు బోర్డు కోసం, గిట్టుబాటు ధర కోసం 178 మంది రైతులు నిలబడ్డారు. మొత్తం అభ్యర్థులు 185. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలే కాబట్టి, నోటాతో కలిపి 12 యూనిట్లు కావాల్సి వచ్చింది. పాత రకం ఈవీఎంకు నాలుగు యూనిట్లకు మించి తగిలించలేం, అందుకే ఎం3 రకం తెప్పించారు. ఓటర్లు తికమకపడతారేమోనని మాకు ఒకటే టెన్షన్. కానీ రూలు ప్రకారం గుర్తింపు ఉన్న పార్టీల పేర్లు ముందు వస్తాయి, ఇండిపెండెంట్లు చివర్న. పెద్ద పార్టీకి వేసేవాళ్లకు మొదటి యూనిట్‌లోనే పని అయిపోతుంది. రైతుకు వేయాలనుకున్నవాళ్లే గుర్తు వెతుక్కుంటూ టేబుళ్ల వెంట నడవాల్సి వచ్చింది.

సిద్దిపేటవాసి:
సార్, మా దుబ్బాక సంగతేంటి? 2020 ఉప ఎన్నికలో కారు గుర్తు టీఆర్ఎస్ ఓడింది వెయ్యి చిల్లర ఓట్లతోనే. కారులా కనిపించే చపాతీ రోలర్ గుర్తున్న ఇండిపెండెంట్‌కు పడ్డవి మూడున్నర వేలు. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో ఇండిపెండెంట్లను అసలు పోటీకే రానివ్వొద్దంది. నేను అంతదూరం పోవట్లేదు కదా.

నల్గొండ పోరడు:
దుబ్బాకలో చిక్కు గుర్తుతో వచ్చింది. ఆ గుర్తును జాబితాలోంచి తీసేస్తే సరిపోతుంది, దానికి మనుషుల్ని ఆపడం దేనికి? ఇక డబ్బు సంగతి. నిజామాబాద్ రైతులందరూ పూర్తి డిపాజిట్ కట్టారనుకుంటే 44 లక్షల 50 వేలు. మీ లెక్కన అయితే 3 కోట్ల 56 లక్షలు. పసుపు అమ్ముకుని బతికేవాళ్లు ఎక్కడ నుంచి తెస్తారు? అదనపు పోలింగ్ ఏజెంట్ల కోసం, బండ్ల పర్మిషన్ల కోసం పేరుకే పోటీలో ఉండే డమ్మీలను దించే పెద్ద అభ్యర్థికి ఈ రెండు లక్షలు చాయ్ ఖర్చు. ఖర్చు పరిమితే 95 లక్షలున్న సీటు అది! మీ రూలుతో డమ్మీ ఆగడు, రైతే ఆగిపోతాడు. 2025లో పసుపు బోర్డు నిజామాబాద్‌లోనే పెట్టారు. ఆ నామినేషన్ల వల్లే వచ్చిందని నేననను గానీ, ఆ డిమాండు ఢిల్లీ దాకా వినపడింది వాటితోనే.

డ్యూటీ సారు:
డబ్బు ముట్టుకోకండి. ఇండిపెండెంట్‌కు ఇప్పుడు 10 మంది ప్రతిపాదకుల, అంటే అతని పేరు ప్రతిపాదించే ఓటర్ల, సంతకాలు చాలు. దాన్ని 500 చేయండి. ఊళ్లో నలుగురి అండ ఉన్నవాడికి అది కష్టం కాదు.

సిద్దిపేటవాసి:
స్క్రూటినీకి, అంటే నామినేషన్ల పరిశీలనకు, ఉండేది ఒక్క రోజు సార్. నిజామాబాద్‌లో ఆ 178 మంది రైతులకే 500 చొప్పున 89,000 సంతకాలు. రిటర్నింగ్ అధికారి ఎప్పుడు చూడాలి?

డ్యూటీ సారు:
నిజమే. అయితే 100 చేయండి, స్క్రూటినీకి మూడు రోజులు ఇవ్వండి. ఓటరు జాబితాలో ప్రతిపాదకుడి పార్ట్ నంబరు, సీరియల్ నంబరు ఫారంలో ఎలాగూ రాస్తారు కదా, ఆ జాబితా దగ్గర పెట్టుకుని సరిచూడటం సిబ్బందికి చేతనైన పనే.