సమస్య: తండ్రి యయ్యెను పన్నెండు దాటకుండ

నిర్వాహకుడు: రాత్రి నిద్ర పట్టక పాత సినిమా చూస్తుంటే ఈ పాదం తట్టింది. ఏ సినిమానో చెప్పను. వస్తువు జేమ్స్ బాండ్ వేషం వేసిన నటుడు షాన్ కానరీ. ఎడింబరోలో ఫౌంటెన్‌బ్రిడ్జ్ పేటలో పుట్టిన పాలబ్బాయి ఆస్కారు దాకా నడిచిన దారిలో ఎక్కడ పట్టుకున్నా సరే, అర్థం మాత్రం పొసగాలి.

పాదచారి:
ఫోర్డు పుట్టిన నాటికి పోరడితడు;
జోన్సు కథలోన నాయనై చూపె సొగసు;
తెరయె కన్నది కొమరుని, తెరను జూడ
తండ్రి యయ్యెను పన్నెండు దాటకుండ!

తేనెపట్టు: కానరీ పుట్టింది 1930 ఆగస్టు 25న, ఇండియానా జోన్స్ సినిమాలో ఆయనకు కొడుకుగా నటించిన హారిసన్ ఫోర్డ్ 1942 జూలై 13న. పన్నెండేళ్లకు ఇంకా నెలన్నర తక్కువే! 'దాటకుండ' అన్న మాటకు ఇంతకంటే న్యాయం జరగదు. పాదచారి గారూ, మొదటి పాదంలో 'పోరడు' వేసిన చోట చప్పట్లు కొట్టాను.

గణపాఠి: ఊహ బాగుంది, ఒప్పుకుంటాను. కానీ మూడో పాదం పాదపూరణకే వచ్చిందేమో. 'తెరయె కన్నది' అంటే ఏం కన్నట్టు? వేషం వేసినంత మాత్రాన కన్నట్టా? నా పూరణలో నిజం బిడ్డే ఉన్నాడు:

బాండు తొలిసారి తెరమీద బయటపడగ
మూడు నెలలకు పుట్టెను ముద్దుకొడుకు;
వారముల లెక్క జూచిన పంట పండె
తండ్రి యయ్యెను పన్నెండు దాటకుండ!

పాదచారి: గణపాఠి గారూ, మూడో పాదం మీద నాకు పట్టింపు ఉంది కనుక జవాబిస్తున్నా. దర్శకుడు స్పీల్‌బర్గ్‌కు బాండ్ సినిమా తీయాలని కోరిక. అప్పుడు జార్జ్ లూకాస్ అంతకంటే మంచి కథ ఉందని ఇండియానా జోన్స్‌ను చెప్పాడు. అంటే జోన్స్ పుట్టిందే బాండ్ కడుపున. 1989లో జోన్స్‌కు తండ్రి కావలసి వస్తే బాండ్‌నే తెచ్చి నిలబెట్టారు. తెర కనకపోతే మరెవరు కన్నారు?

ఇక మీ వారాలు. మొదటి బాండ్ సినిమా లండన్‌లో 1962 అక్టోబరు 5న ఆడింది. కానరీ కొడుకు జేసన్ పుట్టింది 1963 జనవరి 11న. తొంభై ఎనిమిది రోజులు, సరిగ్గా పద్నాలుగు వారాలు. మీ పన్నెండు దాటిపోయింది.

తేనెపట్టు: నేనూ వేళ్ల మీద లెక్కపెట్టాను, పద్నాలుగే.

గణపాఠి: దాటింది, నిజమే. మూడో పాదం మారుస్తున్నా: 'నెలల లెక్కను గాంచిన నిండె నిల్లు'. ఇప్పుడు పన్నెండు నెలలు, యతీ నిలిచింది. అయితే పాదచారి గారి లెక్కలు ఎప్పుడూ ఇంత నికరంగా ఉండవు. పోయిన ఉగాది కందంలో కానరీ బాండ్ సినిమాలు ఆరే అన్నారు, నేను ఏడంటే సభంతా నన్నే తప్పుపట్టింది. 1983లో వచ్చినది ఎవరిది మరి?

పాదచారి: ఆ ఏడోది వేరే నిర్మాతలది. 1962 నుంచి 1971 దాకా అసలు వరుసలో ఆరే.

గణపాఠి: పద్యం నిర్మాత మీద రాయలేదు, నటుడి మీద రాశాను. ముఖం ఏడుసార్లు కనిపించిందా లేదా?

నిర్వాహకుడు: నటుడికి ఏడు, వరుసకు ఆరు. ఇద్దరి పద్యాలూ నిలుస్తాయి, ఆ కందం ఇక్కడితో చాలు. నేను చూసిన సినిమా పాదచారి గారు పట్టేశారు. కానరీ ఐరిష్ అమెరికన్ పోలీసు వేషం వేసి 1988లో సహాయనటుడిగా ఆస్కారు అందుకున్నా, సోవియట్ జలాంతర్గామి నాయకుడైనా, నోట స్కాట్లండ్ యాసే. దాని మీద ఒక్కరూ రాయలేదేం?

కొత్తపలక: నా మొదటి పూరణ, పెద్దలు దిద్దాలి.

పాలబండిని నెట్టినట్టి బాలుడతడు
శవపు పెట్టెకు మెరుగుల చాయలిడెను
ఇంటిబరువును తలకెత్తె నిట్టి బుడుత
తండ్రి యయ్యెను పన్నెండు దాటకుండ

గణపాఠి: ఇంటి బరువు మోసినవాడే తండ్రి అన్న మలుపు మా ఇద్దరికీ తట్టలేదు. ఇది ఈ వారపు మేలిమి ఊహ. కానీ మొదటి పాదం మూడో గణంలో ఒక లఘువు మిగిలిపోయింది. 'అట్టి' ఊతపదం, తీసెయ్యి నాయనా: 'నెట్టిన'.

పాదచారి: గణపాఠి గారి దిద్దుబాటుతో ఏకీభవిస్తాను. రెండో పాదం మాత్రం కాలం తప్పింది. శవపేటికలకు మెరుగు పెట్టింది నౌకాదళం నుంచి కడుపుపుండుతో ఇంటికి వచ్చాక. అప్పటికి మీసాలొచ్చిన యువకుడు, బుడుత కాదు.

కొత్తపలక: ఇద్దరికీ నమస్సులు. మార్చాను:

పాలబండిని నెట్టిన బాలుడతడు
పొద్దు పొడువక మున్నె యా పురము తిరిగె
ఇంటిబరువును తలకెత్తె నిట్టి బుడుత
తండ్రి యయ్యెను పన్నెండు దాటకుండ!

పాదచారి: కుదిరింది. ఆ 'మెరుగుల చాయ' పారేయకు, దాచుకో. చక్కటి పాదం అది, మరో సమస్యకు పనికొస్తుంది.